రుణాత్మక పునర్బలనం అంటే శిక్షేనా? మానిపించిన ప్రవర్తన మళ్లీ ఎందుకు తలెత్తుతుంది?

చదువరి_7

ప్రవర్తనావాదం పాఠాలు చదువుతున్నాను. నిర్వచనాలు నోటికి వస్తున్నాయి గానీ, కొత్త ఉదాహరణ ఎదురైతే అది ఏ గడిలో పడుతుందో తేల్చలేకపోతున్నాను. నాలుగు చోట్ల చిక్కు.

ఒకటి. పావ్లోవ్ కుక్కకీ తిండే దొరికింది, స్కిన్నర్ ఎలుకకీ తిండే దొరికింది. మరి మొదటిది శాస్త్రీయ నిబంధనం, రెండోది కార్యసాధక నిబంధనం ఎలా అయ్యాయి? "మొదటిది అసంకల్పితం, రెండోది సంకల్పితం" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చా?

రెండు. రుణాత్మక పునర్బలనం, దండన ఒకటేనా? కొన్ని నోట్సుల్లో తిట్టడం, కొట్టడం రుణాత్మక పునర్బలనానికి ఉదాహరణలుగా రాసి ఉన్నాయి. కొన్నింట్లో కాదని ఉంది.

మూడు. ప్రతిఫలం ఆపేస్తే ప్రవర్తన విలుప్తం అవుతుందంటారు, అంటే క్రమంగా తగ్గి ఆగిపోతుందట. నాలుగేళ్ల పిల్ల ఫోన్ కోసం కేకలు పెడుతుంది అనుకుందాం. ఇవ్వడం మానేస్తే కేకలు తగ్గకపోగా ముందు ఇంకా పెరుగుతాయట. తగ్గిన తర్వాత కూడా కొన్ని వారాలకు మళ్లీ మొదలవుతాయట. అలాంటప్పుడు విలుప్తీకరణం పనిచేసినట్టా, చేయనట్టా?

నాలుగు. ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుందన్న లెక్కకు ఆధారం ఏమైనా ఉందా?

మీటనొక్కిన_పావురం

మొదటి రెండింటికి చెప్తాను.

సంకల్పితం, అసంకల్పితం అన్న గీత పరీక్షలో మార్కు తెస్తుంది గానీ, కొత్త ఉదాహరణను తేల్చడానికి పనికిరాదు. దాని బదులు ఈ ప్రశ్న వేసుకోండి: ఆ జంతువు ఏమీ చేయకుండా కూర్చుంటే తిండి వచ్చేదా, రాదా?

పావ్లోవ్ ప్రయోగంలో వచ్చేది. టిక్ టిక్ మనే మెట్రోనోమ్ యంత్రం కొట్టుకుంటుంది, మాంసం పొడి నోట్లో పడుతుంది. కుక్క లాలాజలం ఊరించినా ఊరించకపోయినా తిండి ఆగదు. అక్కడ ముడి రెండు ఉద్దీపనల (ఆ చప్పుడు, తిండి) మధ్య ఉంది. స్కిన్నర్ పెట్టెలో ఎలుక మీట నొక్కకపోతే ఆకలితోనే ఉంటుంది. అక్కడ ముడి ప్రవర్తనకూ దాని ఫలితానికీ మధ్య ఉంది. 1898లో థార్న్‌డైక్ పిల్లుల్ని పజిల్ పెట్టెల్లో ఉంచి గమనించింది కూడా ఈ రెండో ముడినే. తలుపు తెరిపించిన చర్య రానురాను త్వరగా వస్తుంది, పనికిరాని గోకుళ్లు రాలిపోతాయి. ఆయన ఫలిత నియమం పుట్టింది అక్కడే.

మరి సంకల్పం గీత ఎందుకు చాలదు? 1968లో బ్రౌన్, జెంకిన్స్ అనే ఇద్దరు పావురాల ముందు ఒక చిన్న బటన్‌ను కొన్ని సెకన్లు వెలిగించి, ఆరగానే గింజలు పెట్టారు. బటన్‌ని పొడవాల్సిన అవసరం లేదు, గింజలు ఎలాగూ వస్తాయి. అయినా పావురాలు వెలిగిన బటన్‌ని పొడవడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది విలియమ్స్ అన్న ఇంటిపేరున్న ఇద్దరు ఇంకో మెలిక పెట్టారు: పొడిస్తే ఆ విడతకు గింజలు రద్దు. అయినా చాలా పావురాలు పొడుస్తూనే ఉండి గింజలు పోగొట్టుకున్నాయి. చూడడానికి పొడవడం "సంకల్పిత" చర్యే. కానీ దాన్ని నడిపిస్తున్నది వెలుగుకీ గింజకీ ఉన్న ముడి. కాబట్టి చర్య రూపాన్ని చూసి పేరు పెట్టకండి. ఫలితం దేని మీద ఆధారపడి ఉందో చూడండి.

నిజ జీవితంలో రెండూ ఒకేసారి నడుస్తాయి, అది వేరే సంగతి. కుక్కకి "కూర్చో" నేర్పుతుంటే కూర్చోవడం కార్యసాధకం. తిండి డబ్బా చప్పుడుకే తోక ఊపడం శాస్త్రీయం.

సమయం విషయంలో పుస్తకాలు తొందరగా దాటేసే ముక్క ఒకటుంది. నిబంధిత ఉద్దీపన (గంట లాంటి సంకేతం) ముందు రావాలి, నిర్నిబంధిత ఉద్దీపన (తిండి లాంటిది) వెనక రావాలి. వరస తిరగేస్తే, అంటే తిండి పెట్టాక గంట కొడితే, నేర్పు (నేర్చుకోవడం) చాలా బలహీనం. ముందు వచ్చినా ఎంత ముందన్నది ప్రతిస్పందనను బట్టి మారుతుంది. కుందేలు కంటిరెప్ప నిబంధనంలో శబ్దానికీ కంటి మీద గాలి ఊదడానికీ మధ్య పావు సెకను నుంచి అర సెకను వరకు ఉంటే బాగా కుదురుతుంది. కొన్ని సెకన్లు దాటితే దాదాపు కుదరదు. అదే రుచి మీద ఏవగింపు అయితే, తిన్న కొన్ని గంటల తర్వాత వాంతి వచ్చినా ఒక్కసారికే కుదురుతుంది.

ఆ రుచి విషయం 1966లో గార్సియా, కోలింగ్ చేసిన ప్రయోగంలో ఇంకా స్పష్టం. ఎలుకలు నీళ్లు నాకినప్పుడల్లా తియ్యటి రుచి, దీపం మెరుపు, క్లిక్ చప్పుడు మూడూ ఒకేసారి అందాయి. కొన్నింటికి తర్వాత వికారం కలిగించారు, కొన్నింటికి కాళ్లకు షాక్ ఇచ్చారు. వికారం పడ్డవి రుచిని వదిలేశాయి గానీ మెరుపును, చప్పుడును పట్టించుకోలేదు. షాక్ తిన్నవి మెరుపుకీ చప్పుడుకీ జడిశాయి, రుచిని మాత్రం మామూలుగానే తాగాయి. ఏ ఉద్దీపననైనా ఏ ఫలితంతోనైనా ఒకే సులువుతో ముడిపెట్టవచ్చన్న పాత నమ్మకం దీంతో కదిలిపోయింది.

ఇక రెండో ప్రశ్న. ధన, రుణ అన్నవి మంచి, చెడు కావు. కూడిక, తీసివేత గుర్తులు, అంతే. పునర్బలనం అంటే ప్రవర్తన పెరగాలి, దండన అంటే తగ్గాలి. వరసగా రెండే ప్రశ్నలు: చర్య తర్వాత ఏదైనా చేరిందా, తొలగిందా? ఆ చర్య ముందు ముందు పెరిగిందా, తగ్గిందా?

చేరింది, పెరిగింది: ధనాత్మక పునర్బలనం.
తొలగింది, పెరిగింది: రుణాత్మక పునర్బలనం. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో కీచుమనే చప్పుడు ఆగిపోవడం ఇదే. తలనొప్పి మాత్ర వేసుకోవడమూ ఇదే.
చేరింది, తగ్గింది: ధనాత్మక దండన.
తొలగింది, తగ్గింది: రుణాత్మక దండన. తప్పుకు జరిమానా కట్టించుకోవడం, ఆట వస్తువు కాసేపు తీసేయడం.

తిట్టడం ఏ గడిలో పడుతుందో తిట్టే మనిషి ఉద్దేశాన్ని బట్టి తేలదు. తిట్టాక అల్లరి తగ్గితే దండన. పెరిగితే అది ధనాత్మక పునర్బలనం, తిట్టినవాళ్లు ఎంత కోపంగా తిట్టినా సరే. పట్టించుకునేవాళ్లు లేని పిల్లవాడికి తిట్టు కూడా పలకరింపే. మీ నోట్సులో ఉన్నది తప్పు. ఇది ఎంత పాత తప్పంటే, చదివేవాళ్లకు ముందే అది నోట్సులు రాసేవాళ్లకు పట్టుకుంది.

మీ ఫోన్ ఉదాహరణలో రెండు గడులు ఒకేసారి పనిచేస్తున్నాయి, గమనించారా? కేక పెడితే ఫోన్ చేరింది, పిల్ల కేకలు పెరిగాయి. ఫోన్ ఇస్తే కేక తొలగింది, పెద్దవాళ్ల ఇవ్వడం పెరిగింది. పిల్ల పెద్దవాళ్లకు నేర్పుతోంది, పెద్దవాళ్లు పిల్లకు నేర్పుతున్నారు. ఇద్దరికీ తక్షణం లాభమే కాబట్టి ఈ ఉచ్చు దానంతట అది విడిపోదు.

అంచనా_లెక్క

పై జవాబు బాగుంది గానీ ఒక లోటు. చదివినవాళ్లకు "రెండూ పక్కపక్కన పదే పదే వస్తే నేర్పు జరుగుతుంది" అన్న భావం మిగిలిపోతుంది. అది చాలదని 1960ల చివర్లోనే తేలింది.

1968లో రెస్కోర్లా ఎలుకలకు శబ్దం వినిపించి షాక్ ఇచ్చాడు. శబ్దం ఉన్నప్పుడు షాక్ వచ్చే సంభావ్యత 0.4. శబ్దం లేనప్పుడు షాక్ వచ్చే సంభావ్యతను మాత్రం గుంపు గుంపుకీ మార్చాడు. ఒక గుంపుకు అది సున్నా. ఇంకో గుంపుకు అదీ 0.4. శబ్దం, షాక్ పక్కపక్కన పడడం రెండింటిలో సమానమే. కానీ మొదటి గుంపు శబ్దానికి గట్టిగా భయపడింది, రెండో గుంపు భయపడలేదు. శబ్దం కొత్త కబురేమీ తేనప్పుడు దాన్ని పట్టించుకోవడం దేనికి?

కామిన్ చూపించిన అడ్డుకోత ఇంకా చక్కగా ఉంటుంది. ముందు చప్పుడు, షాక్ ముడి బాగా నేర్పాడు. తర్వాత చప్పుడుతో పాటు దీపం కూడా వెలిగించి అదే షాక్ ఇచ్చాడు. ఆఖర్న దీపం ఒక్కటే చూపిస్తే భయం దాదాపు లేదు. చప్పుడే అంతా చెప్పేస్తుంటే దీపానికి చెప్పడానికి ఏం మిగలలేదు.

రెస్కోర్లా, వాగ్నర్ 1972లో దీన్ని ఒక లెక్కగా రాశారు. మాటల్లో: ఈ విడతలో మార్పు = నేర్చుకునే రేటు × (నిజంగా వచ్చినది − ముందుగా ఊహించిన మొత్తం).

అంకెలు పెట్టి చూడండి. గరిష్ఠం 100, రేటు 0.3 అనుకుందాం. మొదటి విడతలో ఊహ సున్నా, మార్పు 30. రెండో విడతలో మిగిలిన తేడా 70, మార్పు 21, మొత్తం 51. మూడోసారి మార్పు 14.7, మొత్తం 65.7. నాలుగోసారి సుమారు 10.3, మొత్తం 76. అయిదోసారి సుమారు 7.2, మొత్తం 83 దాటుతుంది. మొదట్లో పెద్ద అంగలు, తర్వాత చిన్నవి. నేర్పు వక్రరేఖ అలా వంగడానికి కారణం ఆశ్చర్యం తరిగిపోవడమే. చప్పుడు 100కి చేరాక దీపం కలిపితే ఊహ ముందే 100, తేడా సున్నా, దీపానికి దక్కేది సున్నా. అడ్డుకోత లెక్కలోంచే రాలి పడింది.

1990ల్లో షుల్జ్ కోతుల మీద చేసిన పని ఇక్కడికే వచ్చి కలుస్తుంది. అనుకోకుండా పళ్లరసం బొట్టు దొరికినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాలు ఒక్కసారి జోరుగా స్పందించాయి. ముందు ఒక సంకేతం, తర్వాత రసం అని అలవాటయ్యాక ఆ స్పందన రసం దగ్గర కాకుండా సంకేతం దగ్గరికి జరిగింది. సంకేతం వచ్చి రసం రాకపోతే, రావలసిన క్షణంలో మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. "డోపమైన్ అంటే సుఖం" అని చెప్పుకునేవాళ్లు ఈ మూడో ముక్కని ఎప్పుడూ వదిలేస్తారు.

ఈ లెక్కకీ పరిమితులున్నాయి. ఒక శబ్దాన్ని ముందుగా ఊరికే చాలాసార్లు వినిపించి, తర్వాత షాక్‌తో జతచేస్తే నేర్పు నెమ్మదిస్తుంది. ఈ లెక్క ప్రకారం నెమ్మదించకూడదు. ఇంకో పెద్ద లోపం మీ మూడో ప్రశ్నకు సంబంధించినదే. విలుప్తీకరణాన్ని ఇది 100 నుంచి సున్నాకి చెరిపివేతగా చూపిస్తుంది. జరిగేది చెరిపివేత కాదు. దాని గురించి రోజూ ఆ పనిలో ఉండేవాళ్లు చెబితే బాగుంటుంది.

చదువరి_7

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఊహ, తేడా అన్న లెక్కతో చాలా విషయాలు ఒక దారిలో పడ్డాయి. మూడోదాని కోసం ఎదురుచూస్తున్నాను. వీలైతే ఆ ఫోన్ కేకల ఉదాహరణనే తీసుకుని, ఏం చేయాలో అంచెలంచెలుగా చెప్పండి.

వరసక్రమం

విలుప్తీకరణంలో పాత ముడి తెగదు. దాని పక్కన "ఇప్పుడు, ఇక్కడ రాదు" అన్న కొత్త పాఠం చేరుతుంది. ఈ రెండో పాఠం సందర్భానికి బాగా అంటుకుని ఉంటుంది. అందుకే పాతది తిరిగి రావడానికి కనీసం మూడు దారులున్నాయి. కొంత విరామం తర్వాత దానంతట అది రావడం, అంటే మీ పుస్తకంలోని అయత్నసిద్ధ స్వాస్థ్యం. చోటు మారితే రావడం: ఇంట్లో మానిన కేకలు బంధువుల ఇంట్లో మొదలవుతాయి. మూడోది, పాత ప్రతిఫలం ఒక్కసారి ఊరికే తగిలినా రావడం. పిల్ల అడగకపోయినా ఎవరో ఫోన్ చేతిలో పెడితే మర్నాడు కేకలు లేస్తాయి. ఇవేవీ పద్ధతి విఫలమైందనడానికి గుర్తులు కావు. తిరిగొచ్చిన కేకలకు మళ్లీ ప్రతిఫలం దొరకకపోతే అవి సాధారణంగా మొదటిసారి కంటే త్వరగా తగ్గుతాయి.

మొదట్లో పెరగడం సంగతి. దాన్ని విలుప్త విజృంభణ అనుకోండి. ఇన్నాళ్లూ పనిచేసిన మీట పనిచేయకపోతే ఎవరైనా ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతారు. లిఫ్ట్ రాకపోతే బటన్‌ని ఏం చేస్తామో చూడండి. ప్రతిసారీ ఈ పెరుగుదల వస్తుందని లేదు. వేరే దారిలో ప్రతిఫలం అందేలా చేస్తే దీని అవకాశం తగ్గుతుంది.

అసలు ప్రమాదం ఆ విజృంభణ మధ్యలో లొంగిపోవడం. ఇరవై నిమిషాలు ఓర్చుకుని ఇరవై ఒకటో నిమిషంలో ఫోన్ ఇచ్చారనుకోండి, రెండు పనులు జరిగాయి. ఒకటి, పాత కేక కాదు, అంతకంటే పెద్ద కేక పునర్బలనం పొందింది. రెండు, ప్రతిఫలం ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడూ వచ్చేదిగా మారింది. అప్పుడప్పుడూ ప్రతిఫలం దొరికిన ప్రవర్తన, ప్రతిసారీ దొరికినదాని కంటే ఆపాక చాలాసేపు నిలుస్తుంది. ప్రతిసారీ వచ్చేది ఆగితే తేడా వెంటనే తెలుస్తుంది. అప్పుడప్పుడూ వచ్చేది ఆగితే, ఆగిందా లేక ఆలస్యమా అన్నది తెలియదు. కాబట్టి చివరిదాకా నిలబడలేమని ముందే తెలిస్తే మొదలుపెట్టకపోవడమే మేలు. మొదటి కేకకే ఇచ్చేయడం ఇరవయ్యో నిమిషంలో ఇవ్వడం కంటే తక్కువ నష్టం. చాలామందికి ఇది మింగుడుపడదు, కానీ లెక్క అదే.

ఇక అంచెలు.

ముందు మూడు నుంచి అయిదు రోజులు ఏమీ మార్చకుండా రాయండి. ప్రతి కేకకీ మూడు గడులు: అంతకు ముందు ఏం జరిగింది, కేక ఎంతసేపు సాగింది, వెంటనే తర్వాత ఏం జరిగింది. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. వాళ్ల ప్రణాళికలే ఎక్కువ చెడతాయి.

ఎందుకంటే ఆ కేక ఏ పని చేసిపెడుతోందో తేలకుండా విరుగుడు లేదు. మామూలుగా నాలుగు పనులు ఉంటాయి: ఎవరైనా పట్టించుకోవడం, వస్తువు దొరకడం, ఇష్టంలేని పని తప్పడం, ఆ చర్యలోనే ఉన్న ఇంద్రియ సుఖం. "పట్టించుకోకండి" అన్న సలహా మొదటిదానికే సరిపోతుంది. చదవమన్నప్పుడల్లా కేక పెట్టే పిల్లని పట్టించుకోకుండా వదిలేస్తే చదువు తప్పింది, కేక గెలిచింది. అదే పిల్లని శిక్షగా గదిలో మూలకి పంపితే అదీ బహుమతే. మన ఉదాహరణలో వస్తువు దొరకడం అనుకుందాం.

తర్వాత, కేక చేసిపెట్టే పనినే అంతకంటే సులువుగా చేసిపెట్టే ఇంకో ప్రవర్తన నేర్పాలి. "ఫోన్ ఇస్తారా" అన్న రెండు మాటలు చాలు. మాటలు ఇంకా రాకపోతే ఒక బొమ్మ కార్డు చేతికివ్వడం. కార్, డ్యురాండ్ 1985లో చూపించిన దారి ఇది. ఇది కేక వచ్చాక కాదు, ప్రశాంతంగా ఉన్నప్పుడు నేర్పాలి. ఫోన్ కనబడేలా పెట్టి, మాట అందించి, అనగానే ఒకటి రెండు సెకన్లలో ఇవ్వాలి. మొదట్లో ప్రతిసారీ. ఇక్కడ ఆలస్యం చేస్తే మధ్యలో చేసిన ఇంకేదో చర్యకు ఆ ప్రతిఫలం అంటుకుంటుంది. రోజుకు అయిదు పది చిన్న సాధనలు పెట్టండి. ఒక్కోసారి ఫోన్ ఒకటి రెండు నిమిషాలే.

అదే సమయంలో కేకకు ఫోన్ రాకూడదు, ఇంట్లో ఎవరి దగ్గరా రాకూడదు. కేక మధ్యలో ఫోన్ ఇవ్వొద్దు, ఉపన్యాసమూ వద్దు. ఆగాక కొన్ని సెకన్లు చూసి, మాట గుర్తుచేసి, అంటే ఇవ్వండి. ఆ విరామం లేకుండా వెంటనే ఇస్తే "కేక, తర్వాత మాట, తర్వాత ఫోన్" అని మొత్తం గొలుసే నేర్చుకుంటుంది.

ఇక్కడ అందరూ తగులుకునే రాయి ఒకటుంది. మాట పనిచేస్తుందని తెలిశాక పిల్ల రోజుకు నలభైసార్లు అడుగుతుంది. అది విజయమే గానీ భరించలేం. రెండు పనులు చేయాలి. ఒకటి, నిరీక్షణ పెంచడం: "కాసేపు ఆగు" అని 5 సెకన్లతో మొదలుపెట్టండి. వరసగా మూడుసార్లు ఆగగలిగితే 10, తర్వాత 20, 40. వరసగా రెండుసార్లు తప్పితే ముందరి మెట్టుకు దిగండి. రెండోది, దొరికే వేళనూ దొరకని వేళనూ కంటికి కనిపించేలా వేరుచేయడం. పచ్చ అట్ట గోడ మీద ఉంటే అడిగితే వస్తుంది, ఎర్ర అట్ట ఉంటే ఎలా అడిగినా రాదు. మొదట ఎర్ర అట్ట ఒక్క నిమిషమే ఉంచి క్రమంగా పెంచండి. ఎర్ర అట్ట ఉండగా ఒక్కసారి ఇచ్చినా అట్టకు అర్థం పోతుంది.

చోటు మారితే తిరిగొస్తుందన్నాను కదా, అందుకని నేర్పేటప్పుడే రెండు మూడు గదుల్లో, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లతో సాధన చేయించాలి.

ఒక హెచ్చరిక. తల గోడకు కొట్టుకోవడం, తనని తాను కొరుక్కోవడం వంటివి ఉంటే, పట్టించుకోకుండా వదిలే పద్ధతిని సొంతంగా మొదలుపెట్టకూడదు. ఆ మొదటి పెరుగుదలే గాయం చేస్తుంది. ప్రవర్తనా విశ్లేషణ తెలిసిన నిపుణులు పక్కన ఉండాలి.

సగటుజీవి

నాలుగోదానికి. 21 రోజులన్న మాటను 1960లో మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసినదానికి జతచేస్తారు. శస్త్రచికిత్స అయ్యాక కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనిక. అందులో "కనీసం" ఎగిరిపోయింది, ముఖం పోయి అలవాటు వచ్చింది.

కొలిచి చూసిన లెక్క 2010లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి వచ్చింది. 96 మంది, ఒక్కొక్కరు రోజూ జరిగే ఒక సంఘటనకు ముడిపెట్టి ఒక చిన్న పని ఎంచుకున్నారు, 84 రోజులు పాటించారు. అప్రయత్నంగా జరిగే స్థాయికి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 66 రోజులు. వ్యాప్తి 18 నుంచి 254. చూసింది 84 రోజులే కాబట్టి 254 అన్నది గీతను ముందుకు పొడిగించి కట్టిన అంచనా. నీళ్లు తాగడం లాంటివి త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యమైంది. మధ్యలో ఒక రోజు తప్పితే చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. ఇది ఆ అధ్యయనంలో నాకు అన్నిటికంటే పనికొచ్చే ముక్కగా అనిపిస్తుంది, ఎందుకంటే జనం మానేసేది సరిగ్గా ఒక రోజు తప్పిన మర్నాడే.

రంగుపెన్సిల్

ప్రతిఫలాల గురించి ఇంతగా మాట్లాడుకున్నాక ఎదురు సాక్ష్యం కూడా పెట్టాలి. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ ముగ్గురూ బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ బడి పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. ఒక గుంపుకు చెప్పకుండా ఆఖర్న ఇచ్చారు. ఒక గుంపుకు ఏమీ లేదు. కొద్ది రోజుల తర్వాత తీరిక వేళలో చూస్తే, ముందే మాట తీసుకున్న గుంపు గీసిన సమయం మిగతావాళ్లలో సుమారు సగమే.

కాబట్టి పిల్ల ఇష్టంగా చేస్తున్న పనికి స్టిక్కర్లు అంటించకండి. అసలు మొదలే కాని పనికి, రుచి ఇంకా తెలియని పనికి ప్రతిఫలం పెట్టండి. పని తన సొంత ఫలితాన్ని ఇవ్వడం మొదలుపెట్టాక తగ్గించండి.

మీటనొక్కిన_పావురం

రంగుపెన్సిల్ గారూ, ఒప్పుకుంటాను, ఒక సవరణతో. ముందే చెప్పిన వస్తు రూప బహుమతికి ఆ ఫలితం ఎక్కువగా కనబడుతుంది. మెచ్చుకోలు మాటకు అలా పడదు. ఎంత బాగా చేశారన్న దానితో సంబంధం లేకుండా ఊరికే చేసినందుకే ఇవ్వడం వేరు, మెరుగుదలకు ఇవ్వడం వేరు.

తగ్గించడం గురించి ఒక ముక్క. ప్రతిసారీ ఇస్తున్న దాన్ని ఒక్కసారిగా పదిసార్లకోసారికి దింపితే ప్రవర్తన కుప్పకూలుతుంది. సగటున రెండుసార్లకోసారి, తర్వాత మూడుసార్లకోసారి, అలా దిగండి. సరిగ్గా ఎన్నోసారి వస్తుందో ముందే తెలియకుండా ఉంచండి. లెక్క స్థిరంగా ఉంటే ప్రతి ప్రతిఫలం తర్వాత విరామం తీసుకుంటారు. సంఖ్య మారుతూ ఉంటే విరామం లేకుండా సాగుతుంది. జూదం యంత్రాల ముందు జనం కదలకుండా కూర్చోవడంలో దీని పాలు చాలా ఉంది.

అన్నట్టు, పరీక్షల ముందు చదువు పెరగడాన్ని స్థిర వ్యవధి పునర్బలనానికి (నిర్ణీత సమయం గడిచాక చేసిన మొదటి చర్యకు ప్రతిఫలం దక్కే ఏర్పాటుకు) ఉదాహరణగా చెప్పేస్తుంటారు. పెట్టెలోని జంతువుకు గడువు ఎవరూ చెప్పరు. గడువు దాటాక ఒక్కసారి మీట నొక్కితే చాలు. పరీక్షకు తేదీ ముందే తెలుసు, ఒక్క నొక్కుతో పాసవరు. వక్రరేఖ ఒకలా ఉన్నంత మాత్రాన లోపలి పని ఒకటి కాదు.

చదువరి_7

ఒక్క చివరి సందేహం. "మూడు నుంచి అయిదు రోజులు రాయండి" అన్నారు. కేక అంటే ఏది? సణుగుడు కూడా లెక్కేనా? ఇద్దరు చూస్తే ఇద్దరి లెక్కా ఒకటిగా రాదు కదా?

వరసక్రమం

అందుకే రాయడానికి ముందు నిర్వచనం కాగితం మీద పెట్టాలి. "అల్లరి", "మొండితనం" అన్నవి నిర్వచనాలు కావు. ఇలా ఉండాలి: "పక్క గదిలోకి వినిపించేంత గొంతుతో, మాటలున్నా లేకపోయినా, 2 సెకన్లకు మించి అరవడం. 10 సెకన్ల నిశ్శబ్దం వస్తే ఆ కేక ముగిసినట్టు, తర్వాత వచ్చేది కొత్త కేక." సణుగుడు ఇందులో పడదు. కావాలంటే దానికి వేరే వరస పెట్టుకోండి.

ఒకే గంట ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టాలి. చిన్న సంఖ్యను పెద్ద సంఖ్యతో భాగించి 100తో గుణించండి. ఒకరు 12, ఇంకొకరు 15 రాస్తే 80 శాతం. సాధారణంగా 80కి తగ్గకుండా చూస్తారు. తగ్గితే ఎక్కడ తేడా వచ్చిందో ఇద్దరూ కూర్చుని చూసి నిర్వచనంలో ఆ పదాన్ని మార్చండి. అప్పటిదాకా రాసిన అంకెలను కొత్తవాటితో కలపకండి.

సంఖ్య ఒక్కటే చాలదు, కేక ఎంతసేపు సాగిందో కూడా రాయండి. రోజుకు 6 కేకలు 6గానే ఉండి, ఒక్కోటి పన్నెండు నిమిషాల నుంచి మూడు నిమిషాలకు తగ్గడం తరచూ జరుగుతుంది. లెక్క మాత్రమే చూసినవాళ్లు ఏమీ మారలేదనుకుని అక్కడే మానేస్తారు.

గళ్ల కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా నిమిషాలు వేసి, పద్ధతి మార్చిన రోజున ఒక నిలువు గీత గీయండి. కొత్త మనిషి ఇంటికి వచ్చిన రోజు, జ్వరం వచ్చిన రోజు, ఎర్ర అట్ట మొదటిసారి పెట్టిన రోజు, అన్నీ ఆ గీతల పక్కన చిన్నగా రాసిపెట్టుకోండి. రెండు వారాల తర్వాత ఒక్కసారిగా పైకి లేచిన చుక్క కనబడితే మొదట చూడాల్సింది ఆ చిన్న రాతలనే.